“బాగుంది” తప్ప ఇంకోమాట చెప్పేవాళ్ళు యాడ దొరుకుతారు?

కందుకూరు_కథలు
కథలు రాస్తుంటాను. మా ఊళ్ళో రాసేవాళ్ళం కొందరం కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. కథ పెట్టడం ఆలస్యం, చప్పట్లు, పూలగుత్తులు, “అద్భుతం మేడమ్”, “కళ్ళు చెమర్చాయి” అని వరసకడతాయి. పెద్ద కథ పెట్టిన రెండు నిమిషాలకే కళ్ళు చెమర్చినవాళ్ళు కూడా ఉన్నారు. అదే కథ పత్రికకు పంపితే “ప్రచురణకు స్వీకరించలేకపోతున్నాం” అని ఒక్క వాక్యం వస్తుంది. ఎందుకో ఉండదు. వచ్చే కథలన్నిటికీ కారణాలు రాస్తూ కూర్చోలేరని తెలుసు, వాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ ఇటు అందరూ బాగుందనేవాళ్ళే, అటు అందరూ కారణం చెప్పనివాళ్ళే అయితే నేను నేర్చుకునేదెప్పుడు? నా కథ చదివి “ఇదిగో, ఇక్కడ తేలిపోయింది” అని వేలుపెట్టి చూపించే మనిషి కావాలి. మీ మీ పనుల్లో అలాంటి మనిషి మీకు ఎలా దొరికారు? రాసేవాళ్ళే చెప్పాలని లేదు, ఏ పని చేసేవాళ్ళయినా చెప్పండి.

పెన్నాగట్టు
గ్రూపులో చప్పట్లు కథకి కాదు మేడమ్. రేపు వాళ్ళ కవిత వచ్చినప్పుడు మీరు తిరిగి కొట్టాలి. పెళ్ళి చదివింపుల లెక్క ఇది.

లెన్సు_నెల్లూరు
హహ, చదివింపులు! కరెక్టు మాట.

అక్కా, నాది పెళ్ళి ఫొటోల పని. ఆల్బం చేతికిచ్చేటప్పుడు “బానే ఉండాయి బాబూ” అంటారు. ఆ ఇంట్లో తర్వాత పెళ్ళికి ఇంకెవరో కెమెరా పట్టుకుని ఉంటారు. ఎందుకు వద్దనుకున్నారో మనకు చెప్పరు. నాకు చెప్పింది ఎవరంటే, ట్రంకురోడ్డు పక్క సందులో ఆల్బం డిజైన్ చేసే ఆయన. స్క్రీన్ మీద నా ఫొటోలు తిప్పుతా తిప్పుతా ఆగి, “జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు చేతులేవయ్యా? నీ దగ్గర అన్నీ మొహాలే. అయ్యగారి భుజం అడ్డం వచ్చింది, నువ్వు రవంత పక్కకు జరగలా” అన్నాడు. రెండు ముక్కలు, అంతే. ఆ తర్వాత నుంచి ముహూర్తానికి ముందే అయ్యగారిని అడుగుతా, ఏ పక్క కూర్చుంటారు, ఏ పక్కకు వొంగుతారు అని. అది చూసుకుని నా చోటు పట్టుకుంటా.

ఆయనకు అంత కన్ను ఎట్టా వచ్చిందంటే, ఊళ్ళో ఫొటోగ్రాఫర్లందరి పెళ్ళిళ్ళూ ఆయన కంప్యూటర్లోకే వస్తాయి. మంచిదీ చెడ్డదీ పక్కపక్కన పెట్టి చూస్తా ఉంటాడు. మీ కథ ఒక్కటే చదివిన చుట్టాన్ని అడక్కండి. పదిమంది కథలు చదివే మనిషిని వెతుక్కోండి.

కూరలకొట్టు
మా కర్రీ పాయింటులో ఎవురూ ఏమీ చెప్పరు. చేపల పులుసులో మామిడికాయ పులుపు తగ్గిన రోజు తిట్టరు, మర్నాడు రారు. రాత్రి ఏ గిన్నె మిగిలిందో చూసుకోవడమే.

టెస్టర్_ఒంగోలు
కూరలకొట్టు అన్న చెప్పిన దాంట్లో ఒక చిక్కుంది. గిన్నె మిగిలిందని తెలుస్తుంది గానీ ఎందుకు మిగిలిందో గిన్నె చెప్పదు కదా. మేడమ్‌కి పత్రికలనుంచి వచ్చే ఒక్క వాక్యం కూడా అలాంటిదే.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉన్నా. తప్పు దొరికితే మూడు సంగతులు రాయాలి. ఏం చేస్తే వచ్చింది, ఏం రావాలి, ఏం వచ్చింది. “లాగిన్ పేజీ చెత్తగా ఉంది” అని రాస్తే డెవలపర్ తిప్పి పంపుతాడు, పంపాలి కూడా. “ఓటీపీ తప్పు కొట్టి వెనక్కి వెళ్ళి మళ్ళీ వస్తే పాత నంబరే కనపడుతోంది” అని రాస్తే సాయంత్రానికి సరిచేస్తాడు. నేను రోజూ అతని తప్పులే పట్టుకుంటా, అయినా ఇద్దరం కలిసే టీకి పోతాం. ఎందుకంటే నేను రాసేది పేజీ గురించి, అతని గురించి కాదు.

అదే ఆఫీసులో ఏడాదికోసారి అప్రైజల్ అని, మన పనితీరు చూసేది ఒకటి పెడతారు. “కమ్యూనికేషన్ మెరుగుపడాలి” అంటారు. ఎవరితో మాట్లాడినప్పుడు, ఏ మీటింగులో, ఏం అన్నప్పుడు? ఏమీ ఉండదు. పన్నెండు నెలల కిందటి సంగతి ఆ రోజు గుర్తుచేస్తే దాన్ని దిద్దుకునేదెట్టా?

మైపాడు_అల
అందరూ నిజం చెప్పాలి, నిజం చెప్పాలి అంటున్నారు. నిజం పేరుతో మనుషుల్ని చంపేవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరే? మా చెల్లెలు బాగా పాడేది. ఒక పోటీలో న్యాయనిర్ణేతగా వచ్చినాయన మైకు పట్టుకుని, అంతమంది ముందు, “నీకు సంగీతం రాదమ్మా, చదువుకో పో” అన్నాడు. అప్పుడది ఇంటర్ చదువుతోంది. ఇప్పుడు దానికి పెళ్ళయింది, పాప ఉంది. పాపకి జోల కూడా పాడదు. ఆయన మాత్రం “నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని” అని ఇవాళ్టికీ గొప్పగా చెప్పుకుంటాడు. ఇలాంటి నిజం మాకొద్దు.

పెన్నాగట్టు
అయ్యో. పాప కోసమైనా పాడమని చెప్పండమ్మా.

బడిపంతులు_కావలి
అల గారూ, మీరు అడిగింది చాలా పెద్ద ప్రశ్న. దీని మీద పరిశోధన జరిగింది. 1996లో క్లూగర్, డెనీసి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అంతకుముందు జరిగిన అధ్యయనాలు ఎన్నో పోగుచేసి 607 ఫలితాలు లెక్కగట్టారు. పని ఎలా ఉందో చెప్పడం వల్ల సగటున మేలే జరిగింది. కానీ మూడోవంతుకు పైగా సందర్భాల్లో చెప్పిన తర్వాత పని ఇంకా పాడైంది. వాళ్ళు చెప్పిన కారణం ఏమిటంటే, మాట పని మీద నుంచి మనిషి మీదికి మళ్ళితే వినేవాడి ధ్యాస కూడా “నేనెలాంటివాణ్ణి” అనేదాని మీదికి పోతుంది. ఇక పని దిద్దుకోవడానికి బుర్ర మిగలదు. “నీకు సంగీతం రాదు” అన్నది అచ్చంగా అదే. “చరణం ఎత్తుగడలో శ్రుతి కిందికి జారింది” అని ఉంటే మీ చెల్లెలు ఇంటికి పోయి ఆ ఎత్తుగడ సాధన చేసుకునేది. కాబట్టి ఆయన చెప్పింది పచ్చినిజం అని కూడా నేను ఒప్పుకోను. అందులో తెలుసుకోవడానికి ఏమీ లేదు.

ఇంకోటి, పొగడ్తకీ ఇది వర్తిస్తుంది. “నువ్వు గొప్ప రచయిత్రివి” అన్నా మాట మనిషి మీదే ఉంది, కథ మీద లేదు.

మైపాడు_అల
మాస్టారూ, ఈ మాట మా చెల్లెలికి చదివి వినిపిస్తా.

టెస్టర్_ఒంగోలు
మరి బడిలో మార్కుల సంగతేంది మాస్టారూ? అదీ మనిషి మీద ముద్రే కదా.

బడిపంతులు_కావలి
అక్కడికే వస్తున్నా. 1988లో రూత్ బట్లర్ అనే ఆవిడ ఇజ్రాయెల్ బడిపిల్లల మీద చేసిన అధ్యయనం ఉంది. కొందరికి మార్కు మాత్రమే ఇచ్చారు, కొందరికి ఏం బాగుంది, ఏం దిద్దుకోవాలి అని రాసి ఇచ్చారు, కొందరికి రెండూ ఇచ్చారు. రాసి మాత్రమే ఇచ్చిన పిల్లలు తర్వాత పనిలో మెరుగయ్యారు. రెండూ ఇచ్చినవాళ్ళు మార్కు మాత్రమే అందుకున్నవాళ్ళ దగ్గరే ఆగిపోయారు. మార్కు కనపడితే పిల్లవాడు కింద రాసింది చదవడు, పక్కవాడికెన్నో చూస్తాడు. ఇది రోజూ నేను క్లాసులో చూసేదే. అందుకని వ్యాసాల పుస్తకంలో నేను మార్కు వెయ్యను. “రెండో పేరాలో పెన్నకు వరదొచ్చిందన్నావు, మీ ఇంట్లోకి నీళ్ళు వచ్చాయా? రాయి” అని రాస్తా. తిరిగి రాసి తెస్తారు.

కూరలకొట్టు
తల్లిదండ్రులు మార్కులు అడుగుతారు గదా సార్. నేనైతే అడుగుతా.

బడిపంతులు_కావలి
రిజిస్టరులో ఉంటాయి, మీరొస్తే చూపిస్తా. పిల్లవాడి పుస్తకంలో ఉండవు.

హార్మోనీపెట్టె
పాట మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెప్తా. బాలుగారు మన నెల్లూరాయన. గూడూరులో కాళిదాస కళానికేతన్ పోటీలో ఆయనకు రెండో బహుమతి వచ్చిందట. అతిథిగా వచ్చిన గాయని జానకి గారు ఈ అబ్బాయికే మొదటిది రావాల్సింది, ఇతను సినిమాల్లో పాడాలి అన్నారట. ఆయనే ఎన్నోసార్లు చెప్పుకున్నారు. తర్వాత సంగీత దర్శకులు కోదండపాణి గారు ఆయన గొంతు విని, 1966లో సినిమాకు పాడించారు. బాలుగారు తన రికార్డింగ్ థియేటరుకు కోదండపాణి గారి పేరే పెట్టుకున్నారు.

1996లో టీవీలో “పాడుతా తీయగా” మొదలైనప్పటి నుంచి చూసినవాణ్ణి నేను. పిల్లలకు ఆయన చెప్పిన తీరు గమనించండి. ముందు ఏం బాగా వచ్చిందో చెప్పేవారు. తర్వాత “ఆ చోట ఒత్తు సరిగ్గా పడలేదు నాన్నా” అని ఆ ముక్క ఒక్కటే తనే పాడి చూపించేవారు. పిల్లతో మళ్ళీ పాడించేవారు. తప్పు ఎక్కడుందో, ఒప్పు ఎట్టా ఉంటుందో రెండూ అక్కడికక్కడే వినపడేవి. అంతమంది ముందు చెప్పినా ఎవరూ చిన్నబోయేవాళ్ళు కాదు. అల గారూ, మైకులో చెప్పడం కాదు తప్పు. ఏం చెప్పాడన్నదే.

మైపాడు_అల
మైకులో చెప్పడం కూడా తప్పే సార్. బాలుగారంతటి వాళ్ళు చెప్తే ఓర్చుకుంటారు. అందరూ బాలుగార్లు కాదు. ఆ చెప్పేదేదో పక్కకు పిలిచి చెప్పొచ్చు.

హార్మోనీపెట్టె
సరేనమ్మా, ఒప్పుకుంటున్నా. మామూలు వాళ్ళకి పక్కకు పిలవడమే మేలు.

వెంకటగిరి_పేక
మా నాన్న జాందానీ నేస్తాడు, బుటా నేతలోనే వేసే చీరలు. వెంకటగిరి జాందానీలో బుటా రెండు పక్కలా ఒకే మాదిరి ఉండాల. అందుకని మాస్టర్ వీవర్, అంటే కూలిచ్చి నేయించుకునే ఆయన, చీర విప్పగానే ముందు తిరగేస్తాడు. “ఈ నెమలి మెడ కాడ పేక వదులైంది” అని గోరుపెట్టి చూపిస్తాడు. నాన్నకూ కనపడతాది. వాదన ఉండదు.

కానీ ఒకటి. ఆ మాస్టర్ వీవరే తప్పు చూపించి కూలి కోస్తే? అప్పుడు ఉన్న తప్పు చూపించినా నమ్మబుద్ధి కాదు. కూలి తగ్గించేదానికే వెతుకుతా ఉండాడు అనిపిస్తాది. మా నాన్న ఇద్దరి దగ్గర పనిచేశాడు. కోసే ఆయన దగ్గర తప్పు దాచేదెట్టనో నేర్చుకున్నారంట మగ్గాలోళ్ళంతా. కొయ్యకుండా చూపించే ఆయన దగ్గర నేత నేర్చుకున్నారు. చెప్పే మనిషికి మన తప్పు వల్ల లాభం ఉండకూడదు.

టెస్టర్_ఒంగోలు
అదీ మాట. అప్రైజల్‌లో ఎవరూ నోరు విప్పరు ఎందుకంటే దానికి జీతం ముడిపెట్టారు.

బ్యారన్_రైతు
మా పొగాకోళ్ళ కష్టం కూడా ఇదే. వేలం ప్లాట్‌ఫారం మీద బేలు, అంటే పొగాకు కట్ట, పెడతాం. కొనేవాళ్ళు చూసి ముందుకు పోతారు, నో బిడ్, ఎవరూ ధర చెప్పరు. తేమ ఎక్కువైందా, రంగు బాలేదా, గ్రేడు కలిసిందా? ఒక్కరూ చెప్పరు. బేలు ఇంటికి తెచ్చుకోవాలి, మళ్ళీ బండి కిరాయి పెట్టుకోవాలి. ఎందుకు చెప్పరంటే పైన చెప్పినట్టే, మనకు తెలియకపోతేనే వాళ్ళకు లాభం. నాకు చెప్పింది అక్కడ పనిచేసే ఒక పెద్దాయన. బేలు విప్పించి, “పైన బ్రైటు గ్రేడు, లోపల మీడియం పడింది చూడు. మీ కూలోళ్ళు పొద్దుగూకినాక గ్రేడు చేసుంటారు” అన్నాడు. ఆయనకు అందులో పైసా రాదు. ఇప్పుడు మా చావిట్లో పొద్దున్నే, వెలుతురు ఉన్నప్పుడే గ్రేడింగు.

కందుకూరు అమ్మా, నువ్వు మా పక్కూరే. కథ ఒక ముక్క ఇక్కడ పెట్టు చూద్దాం. ఇంతసేపు మాట్లాడుకునే బదులు.

లెన్సు_నెల్లూరు
అవునక్కా పెట్టండి. ఈ కందుకూరోళ్ళకు ఇంకా మొహమాటం పోలా.

కందుకూరు_కథలు
మొహమాటం లేదు, పెడుతున్నా. కథ మొదలు ఇది:

“సాయంత్రపు సూర్యుడు తన బంగారు కిరణాలతో పల్లెను ముద్దాడుతున్నాడు. పిల్లగాలి మెత్తని వేళ్ళతో చెట్ల ఆకుల్ని నిమురుతోంది. రమణమ్మ మనసులో ఎన్నెన్నో ఆలోచనలు సుడులు తిరుగుతున్నాయి. బ్యారన్‌లోంచి పొగ వస్తోంది. నాన్న పొయ్యి ముందు కునుకు తీస్తున్నాడు. పోయిన వారం వేసిన బేళ్ళు కూడా వెనక్కొచ్చాయి.”

బాగుందా అని అడగను. ఎక్కడ ఆగిపోయారో చెప్పండి.

టెస్టర్_ఒంగోలు
మొదటి రెండు వాక్యాలు దాటేశా. మూడోదీ దాటేశా. “బేళ్ళు వెనక్కొచ్చాయి” దగ్గర ఆగి మళ్ళీ పైకి వెళ్ళి చదివా.

బడిపంతులు_కావలి
“ఎన్నెన్నో ఆలోచనలు” అన్నారు, ఒక్కటీ చెప్పలేదు. బేళ్ళు వెనక్కి రావడమే ఆవిడ ఆలోచన అయితే ఆ మూడో వాక్యం అక్కర్లేదు. పాఠకుడు తనే పట్టుకుంటాడు.

పెన్నాగట్టు
నాకు పిల్లగాలి నచ్చింది. అందరూ కత్తెర పట్టుకున్నారేంది?

బ్యారన్_రైతు
అమ్మా, నేను ఆగింది నాలుగో వాక్యం కాడ. బ్యారన్ అంటే పొగాకును వేడిపెట్టి ఎండబెట్టే కొట్టం. అందులోంచి పొగ వస్తే మేం కూర్చోం, పరిగెత్తుతాం. ఆకు ఎండేది గొట్టాల వేడికి, పొగ లోపల ఆకుకి తగలకూడదు. పొగ పోవాల్సింది పైన పొగగొట్టంలోంచి. బ్యారన్‌లోంచే పొగ వచ్చిందంటే ఆకు జారి గొట్టం మీద పడ్డట్టు, ఇంకాసేపటికి బ్యారనే అంటుకుంటది. మీ రమణమ్మేమో ఆలోచనలు చేసుకుంటా నిలబడింది!

మిగతాది బాగుంది. మార్చిలో ఒకపక్క బ్యారన్ కాలుస్తానే ఉంటాం, ఇంకోపక్క వేలం నడుస్తా ఉంటది, కాబట్టి బేళ్ళ సంగతి పొసుగుద్ది. రాత్రిళ్ళు పొయ్యి కాడ కూర్చుని కూర్చుని పగలు కునుకు పట్టడం కూడా నిజమే. ఆ ఒక్క మాట చదవగానే మా నాన్న కనపడ్డాడు.

కందుకూరు_కథలు
ఎంత మేలు చేశారండీ. గ్రూపులో ఇంతమంది చదివారు, పొగాకు పండించే ఇళ్ళవాళ్ళూ ఉన్నారు, పొగ సంగతి ఒక్కరూ అనలేదు. ఒక్క ప్రశ్న: పొగగొట్టంలోంచి పొగ రావడం ఆగిపోతే?

బ్యారన్_రైతు
పొయ్యి ఆరినట్టు. వేడి పడిపోతే ఆకు రంగు చెడుద్ది. ఆ కాల్పు మొత్తం పోయినట్టే అనుకో.

కందుకూరు_కథలు
ఇలా మార్చాను:

“పోయిన వారం వేసిన బేళ్ళు కూడా వెనక్కొచ్చాయి. నాన్న పొయ్యి ముందు కూర్చునే కునుకు తీస్తున్నాడు. రమణమ్మ బిందె దించి పొగగొట్టం వైపు చూసింది. పొగ లేదు.”

టెస్టర్_ఒంగోలు
ఈసారి ఎక్కడా ఆగలా. తర్వాత ఏమైంది?

లెన్సు_నెల్లూరు
నాకు ఒక చిక్కు. నేను పొగాకు ఊళ్ళలో తిరగలా. బేళ్ళు వెనక్కి రావడమంటే ఏందో పైన అన్న చెప్పబట్టి తెలిసింది. అది మొదటి వాక్యంలోనే పెడితే నాలాంటోడు తడబడతాడు. ఎవరూ కొనలేదని ఎక్కడో ఒకచోట తెలియాల.

పెన్నాగట్టు
నాకిప్పటికీ పాతదే ఇష్టం. కొత్తది మరీ టెలిగ్రాములా ఉంది. పిల్లగాలి లేకపోయినా ఆ పొద్దుగూకే వేళ అన్నది ఉండాలి. పొగ ఉందో లేదో ఆ వెలుతురులోనే కదా కనపడాల.

కందుకూరు_కథలు
పెన్నాగట్టు గారూ, మీ మాట నిజం, వేళ తెలియాలి. సూర్యుడి ముద్దులు వద్దు గానీ పొద్దు గుంకుతోందని ఒక మాట తిరిగి పెడతా. లెన్సు తమ్ముడు అడిగింది రెండో పేరాలో రమణమ్మ తమ్ముడి నోట చెప్పిస్తా, “మన బేలు ఎవరూ ముట్టుకోలేదక్కా” అని.

కథ మొత్తం ముగ్గురికి పంపాలనుకుంటున్నా. బ్యారన్ అన్నకి పొగాకు పని తప్పుల కోసం, టెస్టర్ గారికి ఎక్కడ దాటేశారో గుర్తు పెట్టమని, మాస్టారికి ముగింపు కోసం. ఒక్కొక్కరిని ఒక్కటే అడుగుతా. ఎవరికైనా కుదరకపోతే మొహమాటపడకుండా చెప్పండి.

బ్యారన్_రైతు
పంపు తల్లీ. రాత్రి పొయ్యి కాడ కూర్చున్నప్పుడు చదువుతా, అప్పుడైతే నిద్రా రాదు. నాకు కథలు చెప్పడం రాదు, పని తప్పులైతే ఒక్కటీ వదలను.

టెస్టర్_ఒంగోలు
ఆదివారం లోపు పంపండి. దాటేసిన చోటల్లా పేజీ నంబరుతో ఇస్తా.

వెంకటగిరి_పేక
మాక్కూడా ఇట్టాంటిది ఒకటి ఉంటే బాగుండు. నేను కొత్త డిజైన్లు గీస్తా ఉండా, నాన్నకి చూపిస్తే మురిసిపోతాడు గానీ ఏమీ చెప్పడు. లెన్సు అన్నా, రంగులు చూసే కన్ను మీకు ఉంటాది గదా, పల్లూ డిజైన్ పంపితే చూస్తారా?

లెన్సు_నెల్లూరు
చూస్తా. ఫొటో ఎండలో తీయొద్దు, నీడలో తీయి, రంగు మారకుండా ఉంటాది. నేతకి పనికొస్తాదా లేదా అనేది మాత్రం నన్ను అడక్కు, అది మీ నాన్నకే తెలియాల. “బాగుందా” అని కాకుండా “ఇందులో నేసేదానికి కష్టమైంది ఏది” అని అడుగు ఆయన్ని, చెప్తాడు.

మైపాడు_అల
మాస్టారు రాసింది మా చెల్లెలికి వినిపించా. ఏమీ అనలేదు. కాసేపాగి, “ఆ పాటలో చరణం ఎత్తుగడ నాకూ అనుమానంగానే ఉండేది” అంది. హార్మోనీపెట్టె గారూ, అది పాడి రికార్డు చేస్తే మీరు వింటారా? ఇక్కడ పెట్టం, మీకు ఒక్కరికే పంపుతాం.

హార్మోనీపెట్టె
తప్పకుండా వింటానమ్మా. పాట మొత్తం వద్దు, పల్లవి, ఆ చరణం చాలు. ఫోనులో శ్రుతి యాప్ పెట్టుకుని పాడమనండి, లేకపోతే ఎత్తుగడ జారిందా, మొదలే తక్కువలో పట్టిందా తేల్చలేను. నేను వాయించి, ఆ ముక్క తిరిగి పంపుతా. దానితో కలిపి పాడుకోమనండి.